ఇంటి కంప్యూటర్‌కు ఆటోమేటిక్ అప్‌డేట్లు: వేటిని రానివ్వాలి, వేటిని మన చేతిలో ఉంచుకోవాలి

విండోస్‌ను దానంతటదే అప్‌డేట్ అయ్యేలా వదిలేయాలా, ఆపి పెట్టుకోవాలా అని అడిగేవారు ఒక్క మాటలో జవాబు ఆశిస్తారు. అలా చెప్పడం కష్టం, ఎందుకంటే అప్‌డేట్ అన్న ఒకే పేరు కింద మూడు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. నెలనెలా భద్రతా లోపాలను పూడ్చే ప్యాచ్ ఒకటి. ఏడాదికోసారి వచ్చే కొత్త వెర్షన్ రెండోది. ప్రింటర్, గ్రాఫిక్స్, వైఫై వంటి వాటిని విండోస్‌తో కలిపే డ్రైవర్లు, పరికరం లోపలే ఉండి దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ మూడోది. మొదటిదాన్ని ఆటోమేటిక్‌గా రానివ్వాలని, రెండోదాన్ని మనకు వీలైన రోజున మనమే వేసుకోవాలని, మూడోదానిలో విండోస్ తనంతట తెచ్చేవి కాక మిగిలినవాటి జోలికి పని పడితే తప్ప వెళ్లకూడదని నా నిశ్చితాభిప్రాయం. అన్నింటికంటే ముందు చేయవలసినది మరొకటి ఉంది. అప్‌డేట్ చెడిపోయినా మన ఫైళ్లు మనకు దక్కే ఏర్పాటు చేసుకోవడం. ఆ ఏర్పాటు లేని ఇంట్లో ఆటోమేటిక్‌గా వదిలేసినా ప్రమాదమే, ఆపేసినా ప్రమాదమే.

ఆపేస్తే జరిగేది

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఎంఎస్17-010 అనే ప్యాచ్‌ను విడుదల చేసింది. నెట్‌వర్క్‌లో ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోవడానికి విండోస్ వాడే ఎస్ఎంబీ పద్ధతి తొలి వెర్షన్‌లోని లోపాన్ని అది సరిచేసింది. సరిగ్గా నెల తరువాత, ఏప్రిల్ 14న, ఆ లోపం గుండా చొరబడే ఎటర్నల్‌బ్లూ అనే సాధనాన్ని షాడో బ్రోకర్స్ అనే ముఠా బయటపెట్టింది. మే 12న వానాక్రై మొదలైంది. ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు పాకి, ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ ఇమ్మని తెర మీద అడిగింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. బలైన వాటిలో అత్యధికం విండోస్ 7 మీద నడిచేవే, అంటే రెండు నెలల ముందే మందు అందుబాటులో ఉన్నవే. ఆ ప్యాచ్‌ను సకాలంలో వేసుకున్న కంప్యూటర్లలోకి వానాక్రై ఆ దారిన రాలేకపోయింది.

మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లను విడుదల చేస్తుంది. మన గడియారం ప్రకారం అది మంగళవారం రాత్రి పదిన్నరకు, అమెరికాలో చలికాలపు సమయం నడిచే నెలల్లో పదకొండున్నరకు. ఆ క్షణం నుంచి లోపం రహస్యంగా ఉండదు. పాత ఫైలును, సరిచేసిన కొత్త ఫైలును పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ మార్చారో తెలిసిపోతుంది. ఎక్కడ మార్చారో తెలిస్తే ఎక్కడ పొడవాలో తెలిసినట్టే. అందువల్ల ప్యాచ్ వేసుకోని కంప్యూటర్‌కు ప్యాచ్ రాకముందు కన్నా వచ్చిన తరువాతే ముప్పు ఎక్కువ. అప్‌డేట్లను ఆపేసుకుని "ఇన్నేళ్లుగా నాకేమీ కాలేదు" అనేవారు ఈ ఒక్క విషయాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

వదిలేస్తే జరిగేది

రెండో వైపు ఉన్న భయం ఊహాజనితం కాదు. విండోస్ 10కు 2018 అక్టోబర్ 2న వచ్చిన 1809 వెర్షన్ కొందరి ఫైళ్లను చెరిపేసింది. దాని కారణం మన ఇళ్లకు బాగా దగ్గరిది. సి డ్రైవ్ నిండిపోతుందని డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను డి డ్రైవ్‌కు మార్చుకోవడం మనవారిలో చాలామందికి అలవాటు. అలా మార్చినప్పుడు పాత చోట అదే పేరుతో ఒక ఫోల్డర్ మిగిలిపోతుంది. ఆ పనికిరాని ఫోల్డర్లను తొలగించాలనే ఉద్దేశంతో రాసిన కోడ్, వాటిలో ఇంకా ఫైళ్లు ఉన్నాయా లేదా అన్నది చూడకుండా తుడిచేసింది. పరీక్షించిన వారిలో కొందరు ముందుగానే ఈ సంగతి రాసినా అది ఫిర్యాదుల గుట్టలో కలిసిపోయింది. నాలుగు రోజుల్లో మైక్రోసాఫ్ట్ ఆ వెర్షన్‌ను వెనక్కి తీసుకుని, నవంబర్ 13న మళ్లీ విడుదల చేసింది. నష్టపోయినవారు పది వేలలో ఒక్కరని సంస్థ చెప్పింది. బ్యాకప్ లేకుండా ఆ ఒక్కరైన వ్యక్తికి ఆ లెక్క ఏ ఓదార్పూ ఇవ్వదు.

నెలవారీ ప్యాచ్‌లలోనూ పొరపాట్లు జరిగాయి. 2021 మార్చిలో వచ్చిన ప్యాచ్ తరువాత కొన్ని కంపెనీల ప్రింటర్లకు ప్రింట్ ఇవ్వగానే నీలి తెర పడి కంప్యూటర్ ఆగిపోయింది. 2024 జూలై ప్యాచ్ తరువాత కొన్ని కంప్యూటర్లు రీస్టార్ట్ అయి నేరుగా, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ తెర దగ్గర నిలబడ్డాయి. 2025 అక్టోబర్ ప్యాచ్ వల్ల విండోస్ 11 రికవరీ తెర మీద యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయలేదు. కష్టకాలంలో వాడుకోవలసిన తెరే కదలకుండా పోయిందన్నమాట. దాన్ని కొద్ది రోజుల్లోనే, అక్టోబర్ 20న విడుదల చేసిన ప్రత్యేక ప్యాచ్‌తో సరిదిద్దారు.

2024 జూలై 19న హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇవ్వాల్సి వచ్చిన సంఘటనను కూడా చాలామంది విండోస్ అప్‌డేట్ ఖాతాలోనే వేస్తారు. ఆ రోజు దాదాపు 85 లక్షల కంప్యూటర్లను పడగొట్టినది క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన లోపభూయిష్టమైన ఫైలు. అది సంస్థలు కొనుక్కునే సాఫ్ట్‌వేర్ కనుక ఇంటి కంప్యూటర్ల మీద దాని ప్రభావం లేనట్టే. విండోస్ అప్‌డేట్ ఆపాలా వద్దా అన్న నిర్ణయానికి ఆ సంఘటనను ఆధారం చేసుకోకూడదు.

ఈ రెండు వైపుల నష్టాలూ ఒకే తూకానివి కావు. చెడిపోయిన అప్‌డేట్ వల్ల కలిగే నష్టంలో ఎక్కువ భాగం తిరిగి సరిచేసుకోగలిగినదే. ప్రింటర్ నాలుగు రోజులు పనిచేయదు, అప్‌డేట్‌ను తీసేస్తే పనిచేస్తుంది. వానాక్రై లాగా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ బారిన పడిన పిల్లల ఫొటోలు, స్కాన్ చేసి పెట్టుకున్న పాస్‌బుక్కులు, రిజిస్ట్రేషన్ కాగితాలు డబ్బు కట్టినా తిరిగి వస్తాయన్న హామీ ఎవరూ ఇవ్వరు. పైగా చెడిపోయిన అప్‌డేట్ సంగతి సాధారణంగా మొదటి వారంలోనే బయటపడుతుంది.

నాలుగు దారులు

ఇంటి కంప్యూటర్‌కు ఉన్న దారులు నాలుగు: అన్నీ ఆటోమేటిక్‌గా వదిలేయడం, వారం రోజులు ఆలస్యంగా వేసుకోవడం, ఒక్కోటి చూసి చేత్తో వేసుకోవడం, పూర్తిగా ఆపేయడం.

చివరి దారిని ముందే పక్కన పెట్టేద్దాం. కొత్తగా అసెంబుల్ చేయించిన కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చేసరికే అప్‌డేట్లు ఆపేసి ఉండటం మన ఊళ్లలో అరుదు కాదు. "సిస్టమ్ స్లో అవుతుంది, డేటా తినేస్తుంది" అని మెకానిక్ చెప్పే కారణంలో కొంత నిజం ఉంది. పాత హార్డ్ డిస్క్ మీద అప్‌డేట్ పడుతున్నంతసేపూ కంప్యూటర్ కదలదు. ఆ బాధకు మందు, హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ. అప్‌డేట్ సర్వీసును చంపేయడం పరిష్కారం కాదు. లైసెన్సు లేని విండోస్ వేసి, ఆ సంగతి బయటపడకుండా అప్‌డేట్లను ఆపేసే వారూ ఉన్నారు. ఆ విండోస్‌ను యాక్టివేట్ చేయడానికి వాడిన ప్రోగ్రామ్‌లో ఇంకేముందో ఆ మెకానిక్‌కు కూడా తెలియదు. అలాంటి కంప్యూటర్‌లో నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ కొట్టకండి. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్‌లో అప్‌డేట్ హిస్టరీ తెరిచి, చివరి క్యుములేటివ్ అప్‌డేట్ (నెలవారీ ప్యాచ్‌కు అక్కడ కనిపించే పేరు) ఏ తేదీన పడిందో చూడండి. అది రెండు మూడు నెలల కన్నా పాతదైతే ఎక్కడో ఆగిపోయిందని అర్థం.

ఒక్కోటి చూసి వేసుకోవడం వినడానికి బాధ్యతాయుతంగా ఉంటుంది కాని, విండోస్ విషయంలో అందులో ఇప్పుడు పెద్దగా పస లేదు. నెలవారీ ప్యాచ్ ఒకే మూటగా వస్తుంది. అందులోంచి నచ్చినవి తీసుకుని నచ్చనివి వదిలేసే వీలు లేదు. అందువల్ల మన చేతిలో మిగిలే నిర్ణయం "ఎప్పుడు" అన్నది ఒక్కటే. ఆ మూటలో అంతకు ముందు నెలలవీ కలిసే ఉంటాయి కనుక, ఒక నెల చెడ్డ ప్యాచ్‌ను తప్పించుకున్నవారు పై నెల వచ్చేది వేసుకుంటే సరిపోతుంది.

వారం ఆగి వేసుకోవడం కంప్యూటర్‌తో జీవనోపాధి ముడిపడి ఉన్న ఇళ్లకు మంచి దారి. ఇంట్లోనే డీటీపీ పని చేసేవారు, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసేవారు, ఆన్‌లైన్ పాఠాలు చెప్పేవారు ఈ కోవలోకి వస్తారు. ఇక్కడ విండోస్ హోమ్‌కు, ప్రోకు తేడా ఉంది. ప్రో ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ అనే సెట్టింగ్స్ సాధనం ద్వారా నెలవారీ ప్యాచ్‌లు ఏడు రోజులు ఆలస్యంగా రావాలని ఒక్కసారి అమర్చితే ప్రతి నెలా అదే అమలవుతుంది. గరిష్ఠంగా 30 రోజుల దాకా పెట్టుకోవచ్చు కాని, ఏడు దాటించడాన్ని నేను సమర్థించను. హోమ్ ఎడిషన్‌లో ఈ వీలు లేదు. పాజ్ బటన్‌తో వారం చొప్పున, గరిష్ఠంగా 35 రోజుల దాకా ఆపవచ్చు. ఆ తరువాత మళ్లీ ఆపాలంటే ముందు ఉన్నవన్నీ వేసుకోవాల్సిందే. ప్రతి నెలా రెండో మంగళవారం గుర్తుపెట్టుకుని పాజ్ నొక్కేవారు, వారం తరువాత దాన్ని గుర్తుపెట్టుకుని తీసేవారు ఎందరుంటారు? మరచిపోతే పాజ్ నడిచినంత కాలం తలుపు తెరిచి పెట్టుకున్నట్టే. అంచేత హోమ్ ఎడిషన్ ఉన్నవారికి పాజ్‌ను నెలవారీ అలవాటుగా నేను సిఫారసు చేయను. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కౌన్సెలింగ్ రోజులు, పరీక్షలు, ఇంటర్వ్యూలు ఉన్న వారంలో మాత్రం దాన్ని నిస్సంకోచంగా వాడుకోండి.

మిగిలినది ఆటోమేటిక్. మామూలు ఇంటికి ఇదే సరైనది. అయితే వదిలేసే ముందు కొన్ని మార్చుకోవాలి. విండోస్ అప్‌డేట్ తెర మీద "గెట్ ది లేటెస్ట్ అప్‌డేట్స్ యాజ్ సూన్ యాజ్ దే ఆర్ అవైలబుల్" అనే స్విచ్ ఉంటుంది. అది ఆఫ్‌లో ఉండాలి. దాన్ని ఆన్ చేస్తే నెల చివర్లో వచ్చే ప్రివ్యూలు, కొత్త ఫీచర్లు అందరికన్నా ముందు మన కంప్యూటర్‌కు వస్తాయి. భద్రతా ప్యాచ్‌లు ఆ స్విచ్ లేకపోయినా వస్తాయి కనుక, దానివల్ల దక్కే రక్షణ ఏమీ లేదు. ప్రివ్యూ అని రాసి ఉన్నదాన్ని చేత్తో కూడా వేయకండి. తరువాత యాక్టివ్ అవర్స్‌ను మన పనివేళలకు తగ్గట్టు పెట్టుకోవాలి. పద్దెనిమిది గంటల దాకా పెట్టుకోవచ్చు, ఆ గంటల్లో అది తనంతట తాను రీస్టార్ట్ చేయదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్ వాడేవారు ఆ వైఫైని మీటర్డ్ కనెక్షన్‌గా గుర్తిస్తే రోజువారీ డేటా ఒక్క దెబ్బకు అయిపోదు. కాని అప్పుడు చాలా అప్‌డేట్లు ఆగిపోతాయి కనుక, నెలకోసారైనా మంచి నెట్ ఉన్న చోటికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లి వాటిని పూర్తిచేయాలి. డెలివరీ ఆప్టిమైజేషన్‌లో ఇంటర్నెట్‌లోని ఇతర కంప్యూటర్లకు పంచే అవకాశం ఆన్‌లో ఉంటే ఆపేయండి.

కరెంటు సంగతి వేరుగా చెప్పాలి. మామూలు ప్యాచ్ మధ్యలో కరెంటు పోతే విండోస్ చాలావరకు చేసినదాన్ని రద్దు చేసుకుని పాత స్థితికి వస్తుంది. కంప్యూటర్‌ను మొదట లేపే బయోస్ ఫర్మ్‌వేర్ రాస్తున్నప్పుడు పోతే మదర్‌బోర్డే పనికిరాకుండా పోవచ్చు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో, వేసవి కోతల రోజుల్లో, ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి.

కొత్త వెర్షన్, డ్రైవర్లు

ఏడాదికోసారి వచ్చే వెర్షన్ విషయంలో తొందర అనవసరం. విండోస్ 11 హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కు 24 నెలల పాటు భద్రతా ప్యాచ్‌లు వస్తాయి. ఆ గడువు దగ్గరపడే దాకా కొత్త వెర్షన్ సాధారణంగా డౌన్‌లోడ్ అండ్ ఇన్‌స్టాల్ అనే బటన్ రూపంలో మన ఎదురుగా ఉంటుంది. గడువు దగ్గరపడ్డాక తనే వేసేస్తుంది. విడుదలైన మూడు నాలుగు నెలలకు, బ్యాకప్ తీసుకుని, సెలవు రోజున మనమే వేసుకోవడం మేలు. వేశాక ప్రింటర్, స్కానర్, డిజిటల్ సంతకం డాంగిల్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, తెలుగు టైపింగ్ కీబోర్డు అన్నీ ఆ వారంలోనే పరీక్షించుకోండి, ఎందుకంటే పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లే గో బ్యాక్ బటన్ పది రోజులే ఉంటుంది.

డ్రైవర్లలో విండోస్ తనంతట తెచ్చేవి రానివ్వండి. ఆప్షనల్ జాబితాలో ఉన్నవి, పరికరం ఇబ్బంది పెడితే తప్ప ముట్టుకోవద్దు. ల్యాప్‌టాప్ కంపెనీలు అదనంగా పెట్టే అప్‌డేట్ ప్రోగ్రామ్‌ల మీద నాకు అంత నమ్మకం లేదు. 2018లో అసుస్ లైవ్ అప్‌డేట్ ద్వారా, ఆ కంపెనీ డిజిటల్ సంతకంతోనే, దొంగ ప్రోగ్రామ్ వినియోగదారుల కంప్యూటర్లలోకి వెళ్లింది. మరుసటి ఏడాది మార్చిలో గాని ఆ సంగతి బయటపడలేదు.

మ్యాక్, లినక్స్ ఉన్నవారికి

మ్యాక్‌లో ఈ విభజన ముందే చేసి ఉంది. సెట్టింగ్స్‌లో భద్రతా ఫైళ్లకు వేరే స్విచ్, మ్యాక్‌ఓఎస్ అప్‌డేట్లకు వేరే స్విచ్ ఉంటాయి. మొదటిదాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలి. ఆపిల్ కూడా తప్పులకు అతీతం కాదు. 2023 జూలైలో ఇచ్చిన సత్వర భద్రతా ప్యాచ్ వల్ల కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోక, దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. 2020 నవంబర్‌లో బిగ్ సర్ వేసుకున్న పాత 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలు కొన్ని నల్ల తెరతో ఆగిపోయాయి. ఏటా శరదృతువులో వచ్చే కొత్త వెర్షన్‌కు ఒకటి రెండు సవరణలు పడే దాకా ఆగితే చాలు.

ఉబుంటు భద్రతా ప్యాచ్‌లను మాత్రమే తనంతట వేసుకునేలా వస్తుంది, దాన్ని అలాగే ఉంచండి. లినక్స్ మింట్‌లో ఆటోమేటిక్ మొదట ఆఫ్‌లో ఉంటుంది. సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చుకోవడానికి పనికొచ్చే స్నాప్‌షాట్లను టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో తీసే ఏర్పాటు చేశాక దాన్ని ఆన్ చేసుకుంటే, ఇంటి కంప్యూటర్లలో ఇంత నిశ్చింతగా వదిలేయగలిగినది మరొకటి నాకు కనిపించదు. లినక్స్‌కు గుండెకాయ లాంటి కర్నెల్ కొత్తది మొరాయిస్తే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకోవచ్చు. ఒకే కంప్యూటర్‌లో విండోస్‌తో కలిపి డ్యూయల్ బూట్ చేసుకున్నవారు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. 2024 ఆగస్టులో విండోస్ ప్యాచ్ ఒకటి కొందరి కంప్యూటర్లలో లినక్స్‌ను బూట్ కానివ్వలేదు.

విండోస్ 10 మీదే ఉండిపోయిన కంప్యూటర్లు

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఆటోమేటిక్ ఆన్‌లో ఉన్నా ఆ తేదీ తరువాత దానికి భద్రతా ప్యాచ్‌లు వాటంతటవే రావు. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ పథకంలో చేరినవారికి 2026 అక్టోబర్ 13 దాకా పొడిగింపు ఉంది. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో సింక్ చేస్తే డబ్బు కట్టకుండానే చేరే అవకాశం ఇచ్చారు. విండోస్ 11కు కావలసిన టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, మైక్రోసాఫ్ట్ గుర్తించిన ప్రాసెసర్ లేని కంప్యూటర్‌ను పారేయనక్కరలేదు. దానిలో చేసే పని బ్రౌజర్‌లోనే అయితే లినక్స్ మింట్ వేసుకుని ఇంకొన్నేళ్లు హాయిగా వాడుకోవచ్చు. టాలీ వంటి విండోస్ సాఫ్ట్‌వేర్ తప్పనిసరైన వారికి కొత్త కంప్యూటరే దారి.

ఆటోమేటిక్ ఆన్ చేసే ముందు

పైన చెప్పిన బిట్‌లాకర్ తెరను ఒకసారి వివరంగా చెప్పుకోవాలి. నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. ఆ కీ లేకుండా డిస్క్‌లోని ఫైళ్లను మెకానిక్ గాని, మైక్రోసాఫ్ట్ గాని తెరవలేరు. విండోస్ 11తో వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో తొలిసారి లాగిన్ అయినప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, కీ ఆ ఖాతాలోకి చేరుతుంది. చాలామందికి తమ డిస్క్‌కు తాళం పడిందన్న సంగతే తెలియదు. దుకాణంలో ఎవరి మెయిల్‌తోనో సెటప్ చేయించుకున్నవారి కీ ఆ మెయిల్ ఖాతాలోనే ఉండిపోతుంది. ఈ రోజే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో డివైసెస్ కింద ఆ కీ ఉందో లేదో చూడండి. దాన్ని కాగితం మీద, పక్కనే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలతో సహా రాసి, ఇంటి పత్రాలు పెట్టే బీరువాలో పెట్టండి. నీలి తెర కూడా అదే ఐడీని చూపిస్తుంది కనుక, ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌లు ఉన్నా ఏది దేనిదో తేలిపోతుంది.

బ్యాకప్‌కు బయటి హార్డ్ డిస్క్ ఒకటి కొనండి. నెలకోసారి ఫైళ్లు కాపీ చేసి, వెంటనే తీసి పక్కన పెట్టండి. ఎప్పుడూ గుచ్చి ఉంచిన డిస్క్‌కు కూడా ర్యాన్సమ్‌వేర్ తాళం వేస్తుంది. వన్‌డ్రైవ్ మంచిదే కాని, కంప్యూటర్‌లో చెరిగిన ఫైలు అక్కడా చెరుగుతుంది. రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటుందన్న భరోసా మీద ఏళ్ల తరబడి ఫొటోలను వదిలేయకూడదు.

పిల్లలు డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉండి, తల్లిదండ్రులు గుంటూరులోనో కరీంనగర్‌లోనో వీడియో కాల్స్ కోసం కంప్యూటర్ వాడుతున్న ఇళ్లకు పాజ్‌లు, గ్రూప్ పాలసీలు వద్దు. అన్నీ ఆటోమేటిక్‌గా వదిలేసి, రికవరీ కీ నకలు పిల్లల దగ్గర ఉంచుకోవాలి. "అప్‌డేట్ అండ్ షట్ డౌన్" కనిపిస్తే దాన్నే నొక్కమని, తెర మీద చుక్కలు తిరుగుతున్నంతసేపు స్విచ్ ఆపవద్దని అమ్మానాన్నలకు చెప్పండి. ఈసారి పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు అప్‌డేట్ హిస్టరీ తెరిచి ఆఖరి తేదీ చూడండి. ఆ పది నిమిషాల్లోనే ఫొటోలన్నీ డిస్క్‌లోకి కాపీ అవడం మొదలుపెట్టించవచ్చు.